ఖాళీగా వచ్చిన గిన్నె

1974 ఆగస్టు పదకొండో తారీకు, ఆదివారం. ఆ పొద్దున విశ్వేశ్వరరావు అల్లప్పచ్చడితో పెసరట్లు తిన్నాడు. ఆఖరి అట్టు మీద భ్రమరాంబ ఉల్లిపాయముక్కలు ధారాళంగా చల్లింది. ఆ రోజుకు అతను పెట్టుకున్న పని ఒక్కటే, ఏ పనీ చెయ్యకపోవడం. వారమంతా ప్రభుత్వ కర్మాగారంలో స్టోర్సు గుమాస్తాగా నట్లూ బోల్టులూ లెక్కపెట్టి అప్పగించే మనిషి. ఆదివారమైనా వేపచెట్టు కింద నులకమంచం వాల్చుకుని, వారపత్రిక మొహం మీద కప్పుకుని, భోజనం వేళకు లేద్దామనుకున్నాడు.

మొహం మీద పత్రిక సర్దుకుంటూ ఉండగా గోడకవతల దూడ అరిచింది.

అప్పటి కొండాపూర్‌లో ఇళ్లకంటే బండరాళ్లు ఎక్కువ. కర్మాగారం బస్సు రోడ్డు మీద ఆగుతుంది కదా అని, రెండేళ్ల కిందట తెనాలి నుంచి బదిలీ అయి వచ్చినప్పుడు విశ్వేశ్వరరావు ఆ ఊళ్లో వీరేశం ఇంటి ఆవరణలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు. రెండిళ్లకూ మధ్య నడుమెత్తు పిట్టగోడ. అటువైపు వీరేశం, అతని భార్య సీతాబాయి, వాళ్ల గేదె, దాని దూడ. ఇటువైపు వీళ్లిద్దరు.

వచ్చిన కొత్తలో భ్రమరాంబ రోజూ ఏడ్చేది. ఆమె మాట ఊరికి అర్థమయ్యేది కాదు, ఊరి మాట ఆమెకు అర్థమయ్యేది కాదు. ఏ బావి నీళ్లు పప్పు ఉడికిస్తాయో, ఏ దుకాణంలో తూకం సరిగ్గా ఉంటుందో సీతాబాయే చెప్పింది. ఈమధ్య భ్రమరాంబకు జ్వరం వచ్చి మంచమెక్కిన వారం గంజి కాచి పోసింది కూడా ఆవిడే. "సీతాబాయి గారే లేకపోతే నేను ఎప్పుడో తెనాలి రైలెక్కేసేదాన్నండీ" అని భ్రమరాంబ ఎన్నోసార్లు అంది. అది ఉత్తుత్తి మాట కాదని విశ్వేశ్వరరావుకు తెలుసు.

దూడ మళ్లీ అరిచింది. ఈసారి గొంతు కీచుగా వచ్చింది. విశ్వేశ్వరరావు లేచి గోడమీంచి చూశాడు. మెడ చుట్టూ తాడు బాగా బిగుసుకుని ఉంది. వీరేశం గడ్డికి వెళ్లాడు. సీతాబాయి పెరట్లో నీళ్లు తోడుతోంది. రోడ్డు పక్క హోటలుకు పొయ్యాల్సిన పాలు ఇంకా పితకలేదు.

"పాపం" అనుకున్నాడు విశ్వేశ్వరరావు. లోకంలో చాలా అనర్థాలు ఈ మాటతోనే మొదలవుతాయి.

గోడ దాటి వెళ్లేటప్పుడు, తాడు కాస్త వదులు చేద్దామన్నదే అతని ఉద్దేశం. అయితే ముడి వదులు చెయ్యాలంటే ముందు విప్పాలి. ఆ సంగతి అతనికంటే దూడకు బాగా తెలుసు. ముడి ఊడీ ఊడగానే అది తల్లి పొదుగు కింద దూరిపోయింది. అతను మెడ పట్టి లాగాడు, రాలేదు. తోక పట్టి లాగాడు. దూడ అవమానపడింది. అప్పటికి పాలు కూడా అయిపోయాయి కాబట్టి, నోటినిండా నురగతో ఒక్క గెంతు గెంతి, సీతాబాయి తెల్లవారుజామునే ఎర్రమట్టితో అలికి ముగ్గు పెట్టుకున్న వసారా మీదికెక్కింది. పచ్చి మట్టిలో ఆ చివరిదాకా వెళ్లి, ముగ్గు నడుమ ఓసారి గుండ్రంగా తిరిగి, మళ్లీ ఈ చివరికి వచ్చింది.

చంకన బిందెతో సీతాబాయి వచ్చి నిలబడింది. పొదుగు చూసింది. వసారా చూసింది. చేతిలో తాడుతో ఉన్న విశ్వేశ్వరరావును చూసింది.

"క్షమించండి, సీతాబాయి గారూ! తాడు బిగిసిపోయిందని..." అన్నాడతను. కాలేజీలో చదువుకున్న ఆ మాటను అతను ఇంట్లో ఎప్పుడూ వాడి ఎరగడు. వాళ్లింట్లో కాలు తగిలితే కళ్లకద్దుకోవడం, మాట తూలితే "ఏమీ అనుకోకు" అనడం, అంతే. ఇంత పెద్ద మాట నోటినుంచి వచ్చేసరికి తప్పు కూడా దానికి తగ్గట్టు పెద్దదైపోయినట్టు అతనికే అనిపించింది.

"పోనీ తియ్యి సారు" అంది సీతాబాయి. "దాని తల్లి పాలే గద తాగింది. హోటలాయన ఇయ్యాల నల్ల చాయ్ అమ్ముకుంటడు."

బిందె దించి, దూడను దగ్గరికి తీసుకుని దాని మెడ చూసింది. చూడగానే ఆవిడ మొహం గంటు పెట్టుకుంది. చరచరా లోపలికి వెళ్లిపోయింది.

భ్రమరాంబ అప్పుడే తన అట్టు పెనం మీద వెయ్యబోతోంది. సంగతి విని గరిటె కింద పెట్టేసింది.

"పోనీ అందా?"

"అంది."

"ఎలా అంది?"

"నోటితోనే."

"నవ్విందా?"

"నవ్వలేదు. మొహం ముడుచుకుంది."

"అయితే అది పోనీ కాదండీ" అంది భ్రమరాంబ. "మా పెద్దత్తయ్య పెళ్లైన కొత్తలో మా మావయ్యను ఓసారి 'పోనీలెండి' అంది. ఆ పోనీలెండి ఆయన పోయేదాకా నడిచింది."

పెనం దించి మూకుడు పెట్టింది. కాసేపటికి ఇల్లంతా నెయ్యి వాసన. జీడిపప్పు తేలే రవ్వకేసరి గిన్నెలో పెట్టి, మూత వేసి, మొగుడి చేతికిచ్చింది. "మీ చేత్తో ఇవ్వండి. నవ్వుతూ ఇవ్వండి. ఆ పెద్ద మాట మళ్లీ అనకండి."

విశ్వేశ్వరరావు నవ్వు మొహానికి తగిలించుకుని పిట్టగోడ దాకా వెళ్లాడు. లోపల్నించి సీతాబాయి గొంతు ఖంగున మోగుతోంది. "మనిషివేనా నువ్వు? పానమున్న దాన్ని గట్లనేనా జేసేది? కండ్లు యాడ వెట్టుకున్నవ్? ఇంత వయసొచ్చింది, గింత సోయి లేదా?"

అతని నవ్వు అక్కడే జారిపోయింది. గిన్నె గోడ మీద పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి వచ్చేశాడు.

"నన్నే తిడుతోంది. నా వయసు గురించి కూడా అంది" అని చెప్పాడు.

ఇక్కడ భ్రమరాంబ పుట్టింటి ఆచారం ఒకటి చెప్పాలి. ఇరుగుపొరుగుల గిన్నె ఎప్పుడూ ఖాళీగా తిరిగి పంపకూడదు. ఏమీ లేకపోతే చెంచాడు పంచదార, అదీ లేకపోతే కరివేపాకు రెబ్బ. గిన్నె ఖాళీగా వచ్చిందంటే మీ గడప మాకు అక్కర్లేదని చెప్పినట్టే. ఈ రెండేళ్లలో సీతాబాయి కూడా ఈ పద్ధతి తప్పలేదు. పప్పు గిన్నె వెళితే మక్క కంకులు వచ్చేవి, పచ్చడి గిన్నె వెళితే సజ్జరొట్టె వచ్చేది. అందుకే మధ్యాహ్నం గోడ మీద కేసరి గిన్నె కనిపించగానే భ్రమరాంబ పరుగెత్తింది. మూత తీసింది. గిన్నెలో ఆమె మొహం ఆమెకే కనిపించింది.

"మర్చిపోయిందేమోలే" అన్నాడు విశ్వేశ్వరరావు.

"సీతాబాయి గారా? మా పుట్టింటివాళ్ల పేర్లు నాకంటే వరసగా చెప్తుందావిడ!"

ఈసారి పులిహోర చేసింది. అది కాస్త పెద్ద గిన్నె. గోడ మీద పెట్టొచ్చాడు. గంట తిరక్కుండానే అదీ ఖాళీగా వచ్చింది. పైగా చింతపండు పెట్టి తోమినట్టు తళతళ మెరుస్తోంది.

"చూశారా? తోమి మరీ పంపింది. మన మెతుకు ఆనవాలు కూడా ఉంచలేదు!"

ఇక భ్రమరాంబ సెనగపప్పు నానబోసింది. బొబ్బట్లు చేసి, పెళ్లిలో పెట్టిన ఇత్తడి గిన్నె దించి, దాన్నిండా సర్దింది. ఆ హడావుడిలో ఇద్దరిలో ఎవరూ భోంచెయ్యలేదు. ఎండ వాలుతుండగా ఇత్తడి గిన్నె తిరిగొచ్చింది. బంగారంలా మెరుస్తూ, ఖాళీగా.

భ్రమరాంబ పొయ్యి దగ్గర చతికిలబడింది. "నన్ను తెనాలి పంపించెయ్యండి. గోడకవతల మనిషి మొహం తిప్పుకుంటే ఈ బండల మధ్య నేనెవరితో మాట్లాడను?"

విశ్వేశ్వరరావు సైకిలు తీశాడు.

నల్లగండ్లలో ఉండే చలపతిరావు అతని ఆఫీసులోనే పని చేస్తాడు. ఎవరి మధ్య మాట తేడా వచ్చినా రాజీ చెయ్యడం అతని సరదా. అతను చేసిన రాజీల తరవాత జనం ఎక్కువగా వేరే సెక్షన్లకు మారిపోయేవారు గానీ, రాజీ మాత్రం జరిగేది. సంగతంతా విని కళ్లు మూసుకుని తలాడించాడు.

"చాటుగా చెప్పావు, అదీ నీ పొరపాటు. సాక్షుల్లేని క్షమాపణ సంతకం లేని సరుకుల ఇండెంటు లాంటిదోయ్. చెల్లదు. ఊళ్లో పెద్దమనిషి ఎవరు?"

"రాజయ్య అని ఒకాయన ఉన్నాడు. కానీ ఇంత చిన్నదానికి..."

"చిన్నదైతే మీ ఆవిడ తెనాలి ఎందుకంటుంది? నడు."

రాజయ్య రోడ్డు పక్క హోటల్లో నల్ల చాయ్ ముందు పెట్టుకుని దాన్ని అనుమానంగా చూస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లూ అదే పనిలో ఉన్నారు.

"అయ్యా, మా విశ్వేశ్వరరావు ఒక తప్పు చేశాడండీ. మీ సమక్షంలో క్షమాపణ చెప్పుకుంటాడు" అన్నాడు చలపతిరావు.

"సారు తప్పు జేసిండా?" రాజయ్య విశ్వేశ్వరరావును కిందినుంచి పైదాకా చూశాడు. "ఏం జేసిండు?"

చలపతిరావు చెయ్యెత్తాడు. "అది ఇక్కడ నలుగురిలో చెప్పుకునేది కాదండీ. ఒక ఇల్లాలి మనసు నొచ్చుకుంది. అంతవరకే చెప్పగలను."

అంతవరకు చాలు. హోటల్లో బెంచీలన్నీ ఒక్కసారి ఖాళీ అయ్యాయి.

"అలా కాదు, దూడ..." అని విశ్వేశ్వరరావు మొదలెట్టాడు గానీ, "అక్కడ చెబుదువుగాని" అని చలపతిరావు భుజం నొక్కాడు. రోడ్డు దాటేసరికి సారు బర్రెను కొట్టాడన్నారు. కిరాణా దుకాణం దగ్గరికి వచ్చేసరికి బర్రె చచ్చిపోయింది. వీరేశం ఇంటి మలుపులో బుచ్చమ్మ అనే ముసలావిడ ఇంకా వివరంగా చెప్పింది. "సచ్చుడు గాదు, అమ్ముకున్నడంట. సైకిల్ మీద వోయింది గందుకే."

వాకిట్లో గడ్డి కోస్తున్న వీరేశం ఈ గుంపును చూసి కొడవలి వదిలేశాడు.

"ఏమైంది రాజన్నా? ఎవలన్న వోయిన్రా?"

"నీ బర్రె సచ్చిందట గద."

వీరేశం ఒక్క ఉదుటున కొట్టం వైపు తిరిగాడు. గేదె నెమరు వేస్తూ, ఇంతమంది ఎందుకొచ్చారా అన్నట్టు చూస్తోంది. గడప మీదికి సీతాబాయి వచ్చి నిలబడింది. గోడకు ఇవతల భ్రమరాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చలపతిరావు మిత్రుణ్ణి ముందుకు తోశాడు. విశ్వేశ్వరరావు చేతులు జోడించాడు.

"పొద్దున్న నేను... దూడను విప్పానండి."

జనం ఇంకో అడుగు ముందుకు జరిగారు.

"ఇంకా?" అన్నాడు రాజయ్య.

"పాలు తాగేసింది."

"ఊఁ. ఇంకా?"

"వసారా తొక్కింది. అంతేనండి."

బుచ్చమ్మ మోకాళ్లు పట్టుకుని అరుగు మీద కూర్చుంది. "గీ ముచ్చటకా నేను గంత దూరం ఉరికొచ్చింది?" దాంతో వాకిలి గొల్లుమంది. గేదె కూడా ఒకసారి అరిచింది.

వీరేశం మాత్రం నవ్వలేదు. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "సారు, తప్పు నాది" అన్నాడు. "నిన్న తాడు నేనే బిగ్గట్టిన. దుడ్డె మెడ కాడ తోలు లేచింది. గడ్డి మోపు తెచ్చి దించిన్నో లేదో, ఆమె నన్ను వట్టుకున్నది. ఇప్పటిదాంక ఇడువలే. మనిషివేనా అంటది, కండ్లు యాడ వెట్టుకున్నవ్ అంటది. మీరు ఇప్పకపోతే దుడ్డె దక్కకుండె."

"అంటే ఆ తిట్లు..." అన్నాడు విశ్వేశ్వరరావు.

"నాయే సారు. మొత్తం నాయే."

విశ్వేశ్వరరావుకు జీవితంలో అంత హాయిగా ఎప్పుడూ అనిపించలేదు. భ్రమరాంబ మాత్రం గోడ మీదినుంచి సన్నగా అడిగింది. "మరి గిన్నెల సంగతి?"

సీతాబాయి అటు తిరిగింది. "ఏం గిన్నెలు?"

"ఖాళీగా వచ్చాయి కదండీ. అన్నీ."

"ఉత్తగనే ఇస్త. నింపి ఇస్తనా?" సీతాబాయి ఆశ్చర్యంగా చూసింది. "మా అవ్వ చెప్తుండె. పరాయోళ్ల గిన్నె నింపియ్యాలె, సొంతోళ్ల గిన్నె ఉత్తగియ్యాలె. సొంతోళ్లకు బదులు వెడితే మీకూ మాకూ చెల్లు అన్నట్టే గద. రెండేండ్లు మీకు నింపే ఇచ్చిన. పరాయోళ్లు గదా అని. ఇయ్యాల దుడ్డె మెడ సూసినంక, గీ సారు మనోడే అనుకున్న. కేసరి మంచిగుండె. తిని, గిన్నె తోమి ఉత్తగిచ్చిన. మళ్ల పులిహోర అచ్చింది. మళ్ల బొబ్బట్లు అచ్చినై. వీళ్లింట్ల ఏమన్న లగ్గమా ఏంది అనుకున్న."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ఎందుకంటే సీతాబాయి గడప దిగి ముందుకొచ్చింది.

"పొద్దుగాల నాకు కోపం లేకుండె, సారు. గిప్పుడు అచ్చింది. నేను పోనీ అన్ననా లేదా?"

"అన్నారండి."

"అన్నంక గూడ ఊరోళ్లందరిని తోలుకొచ్చి నా వాకిట్ల పంచాది వెడతవా? నా మాట మీద గింత నమ్మకం లేదా? నేను పోనీ అంటే పోనీనే. లోపల ఒకటి దాసుకొని బయట ఒకటి అనుడు నాకు రాదు. మనోళ్లు అనుకుంటి. మనోళ్లు గిట్లనే జేస్తరా?"

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. చటుక్కున లోపలికి వెళ్లి, పొయ్యి వైపు తిరిగి, వాకిలికి వీపు పెట్టి కూర్చుంది.

చలపతిరావు గొంతు సవరించుకున్నాడు. "ఇలాంటి సందర్భంలో రెండో విడత క్షమాపణ..."

"నువ్వు జర ఊకో సారు" అన్నాడు రాజయ్య. "ఒక్క విడతకే ఊరంత కదిలింది."

జనం చల్లగా జారుకున్నారు. చలపతిరావుకు బస్సు వేళ గుర్తొచ్చింది. వీరేశం కొడవలి తీసుకుని, అవసరం లేకపోయినా పెరట్లోకి వెళ్లిపోయాడు. అసలైన తప్పు ఇప్పుడు జరిగిందని గోడకు చెరోపక్క మిగిలిన మొగుడూ పెళ్లాలిద్దరికీ అర్థమైంది. పొద్దున జరిగింది దూడ చేసింది. ఇది వీళ్లు చేసింది.

"మళ్లీ ఏమైనా వండుతావా?" అన్నాడు విశ్వేశ్వరరావు గోడ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి.

"వండటానికి ఇంట్లో ఏమీ మిగల్లేదు."

భ్రమరాంబ కొంగు దులుపుకుంది. గోడ పక్కనుంచి అటు వెళ్లింది. ఈ రెండేళ్లలో ఆమె చేతిలో ఏమీ లేకుండా ఆ గడప తొక్కడం అదే మొదలు. అతను గోడ దగ్గరే నిలబడిపోయాడు. పిలిస్తే వెళ్దామని, పిలవకపోతే ఏం చెయ్యాలో తెలియక.

"అక్కా" అంది భ్రమరాంబ. ఎప్పుడూ సీతాబాయి గారూ అనే మనిషి.

సీతాబాయి పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

"ఆకలేస్తోందక్కా. పొద్దుటినుంచి ఏమీ తినలేదు. వండిందంతా నీకే పంపించాను. ఉంటే ఇంత పెట్టు."

వీపు కదల్లేదు. కాసేపటికి తల మాత్రం పక్కకు తిరిగింది.

"పొద్దటి సంది తినలేదా?"

"లేదు."

"గిన్ని వండుకుంట నోట్లె ఇంత ఏసుకోలే?"

"నువ్వు మాట్లాడవేమోనని భయం. మింగుడు పడలేదు."

"దిమాగ్ ఉన్నదా నీకు?" సీతాబాయి మొత్తం ఇటు తిరిగింది. "మొహం సూడు, ఎట్ల గుంజుకపోయిందో! మొన్న మొన్ననే గద జరమొచ్చి లేచినవ్. చదువుకున్నోళ్లకు కడుపు ఉండదా ఏంది? కూసో. ఆడ గాదు, గా పక్కకు. ఆడ మళ్ల అలికిన, పచ్చిగున్నది."

జొన్నరొట్టె చరిచే చప్పుడు మొదలైంది. ఆ చప్పుడుతో పాటు తిట్లూ సాగాయి. భ్రమరాంబ ఒళ్లు గురించి, విశ్వేశ్వరరావు బుద్ధి గురించి, వాళ్ల ఊళ్లో ఎవరూ ఎవరి మాటా నమ్మరా అన్న దాని గురించి. గోడకు ఆనుకుని వింటున్న విశ్వేశ్వరరావుకు గుండె నెమ్మదిగా కుదుటపడింది. దూరం పెట్టాలనుకున్నవాళ్లు ఇంత వివరంగా తిట్టరు. పెరట్లోంచి వీరేశం కూడా తల బయటపెట్టి, తన వంతు ఇవాళ్టికి తీరిపోయినట్టేనా అని చూసి, బీడీ ముట్టించుకున్నాడు.

దీపాలు పెట్టే వేళ దాటాక భ్రమరాంబ తిరిగొచ్చింది. చేతులకు ఎల్లిపాయ కారం వాసన. అతనికోసం కొంగులో రెండు రొట్టెలు దాచి తెచ్చింది. విశ్వేశ్వరరావు ఆత్రంగా తుంచుకున్నాడు.

"ఏమంది?"

"ఏమీ అనలేదండీ."

"ఇంతసేపు ఏమీ అనకుండానే?"

"మిమ్మల్ని అన్నవి చెప్పమంటారా?"

"వద్దులే. కోపం పోయిందా?"

"ఎప్పుడో పోయింది. రేపు పొద్దున్నే మిమ్మల్ని రమ్మంది."

"దేనికి?"

"కొట్టంలో పేడ తియ్యడానికి. గడ్డిమోపులు మోసి వీరేశం గారికి నడుం పట్టేసిందట. ఇంట్లో సొంతమనిషి ఉండగా బయటివాళ్లను పిలవడం దేనికీ అంది."

విశ్వేశ్వరరావు నోట్లో రొట్టె కాసేపు అలాగే ఉండిపోయింది. "నువ్వేమన్నావు?"

"తెల్లవారకముందే లేస్తారని చెప్పాను."

ఆమె చాప పరిచింది. అవతలింట్లో దీపం తగ్గింది. విశ్వేశ్వరరావు అలారం గడియారం తీసి నిదానంగా కీ ఇచ్చాడు. భ్రమరాంబ వీధి తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి గడియ పెట్టింది. పరాయివాళ్లుగా ఉన్న రెండేళ్లూ అతను హాయిగా తెల్లవారేదాకా నిద్రపోయాడు.